పది గంటల వెలుతురు

ఆదివారం వచ్చిందంటే ఆ అపార్టుమెంటులో మూడో అంతస్తు తలుపు పొద్దున్నే మోగడం మొదలవుతుంది. కింది వాటా కోడలు సూదీ దారం పట్టుకుని వస్తుంది. పై వాటా పెద్దాయన కాల్లో కర్రపెచ్చు గుచ్చుకుందని గోడ పట్టుకుని దిగుతాడు. "పిన్నిగారున్నారా?" అంటారు. ఉంటుంది. ఉండక ఎక్కడికి పోతుంది? చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వచ్చినవాళ్ళ పక్కన కూర్చుంటుంది. కూర్చోగానే ఆవిడ చుట్టూ, మంచం పట్టేంత మేర, పొద్దున పది గంటల వెలుతురు పరుచుకుంటుంది.

ఎండ కాదది. మబ్బు పట్టిన రోజు ఉత్తరం కిటికీలోంచి వచ్చేలాంటి వెలుతురు. కంటికి చల్లగా, నిలకడగా, ఎక్కడా నీడ గట్టిపడనివ్వకుండా ఉంటుంది. అందులో సూది బెజ్జం తలుపంత కనిపిస్తుంది. పెచ్చు తనంతట తానే బయటపడి నిలబడుతుంది. పని అయ్యాక వాళ్ళు వెళ్ళిపోతారు, పిన్ని చల్లారిన టీ తాగుతుంది.

కొందరికి గురక ఉంటుంది, కొందరికి పుట్టుమచ్చ ఉంటుంది, పిన్నికి వెలుతురుంది. అంతకుమించి ఆ విషయంలో ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. మెట్ల మీద బల్బు మాడిపోయిందని ఎవరైనా గోల చేస్తే, సంఘం సెక్రెటరీ "పిన్నిగారున్నారుగా" అని మీటింగు ముగించేవాడు. సాయంత్రం పూట మాత్రం ఆవిడ ఎవరూ పిలవకుండానే ఎదురింటికి వెళ్ళేది. అక్కడ వాచీలు బాగుచేసే ఒంటరి పెద్దమనిషి ఉండేవాడు. అందరూ ఆయన్ని గడియారంగారనేవాళ్ళు. భార్య పోయి చాలా కాలమైంది, చూపు మాత్రం ఈమధ్యే పోవడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ వాచీల్లో మరలు మరీ చిన్నవి. పిన్ని ఆ బల్ల పక్కన కాసేపు కూర్చుంటే ఆయన వాటిని బిగించుకునేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. మాట్లాడితే మర ఎగిరిపోతుందని ఆయన భయం.

పిన్ని ఉండేది తన అక్క కొడుకు ఇంట్లో. అతను నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల బల్ల దగ్గర పనిచేస్తాడు. నీళ్ళు రాలేదని జనం అరుస్తుంటే వింటూ, చేతిలో ఉన్న కాగితం అంచున వాళ్ళ మొహాలు గీస్తూ కూర్చుంటాడు. ఇంటికొచ్చి రంగులు వేస్తాడు. అపార్టుమెంటులో అందరూ అతన్ని కుంచెగారంటారు. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో విడదీసి చూసే ధైర్యం అతనికి ఎప్పుడూ లేదు. చిత్రకళ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. గురువు లేకపోవడం వల్ల తప్పులన్నీ స్వయంగా కనిపెట్టుకోవలసి వచ్చింది. ఏటా ఊళ్ళో చిత్రశాల వాళ్ళు పెట్టే ప్రదర్శనకి ఒక బొమ్మ పంపేవాడు. వాళ్ళు దాన్ని వెళ్ళినప్పటికంటే జాగ్రత్తగా కట్టి వెనక్కి పంపేవాళ్ళు. ఆ కట్టడం చూసి, తన కళంటే వాళ్ళకి గౌరవమే అనుకుని సరిపెట్టుకునేవాడు.

అలాంటిది, ఆ చిత్రశాల పెద్దే ఒకరోజు కుళాయి ఫిర్యాదుతో ఆఫీసుకి వచ్చాడు. అరిచి అరిచి అలసిపోయి, కాగితం అంచున ఉన్న తన మొహం చూసుకుని ఆగిపోయాడు.

"ఇది మీరే గీశారా?"

"క్షమించండి, అలవాటు."

"పెద్దది వెయ్యండి. ఈసారి ప్రదర్శనలో గుమ్మం ఎదురుగోడ మీకోసం ఖాళీగా ఉంచుతాను. నీళ్ళ సంగతి కూడా చూడండి."

కుంచెగారు నీళ్ళ సంగతి మర్చిపోయాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే భార్యతో, "మనింట్లో స్టూడియో పెడుతున్నాను" అన్నాడు.

"మనింట్లోనా? మనమెక్కడుంటామండీ?"

ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. వెనక గదిలో పిన్ని మంచం ఉంది. మంచం మినహా మిగతా గదంతా సామాన్లే. చైను లేని సైకిలు, పెట్టెలో పెట్టె పెట్టిన పెట్టెలు, పెళ్ళికి వచ్చి ఇంకా కాగితం విప్పని బహుమతులు. అతనూ భార్యా కలిసి రెండు ఆదివారాలు వాటిని మోశారు. సైకిలు బాల్కనీకి వెళ్ళింది. పెట్టెలు అటకెక్కాయి. పిన్ని మంచం హాల్లోకి, టీవీ కిందికి వచ్చింది. గోడలకి తెల్ల సున్నం వేశాడు. కాన్వాసు నిలబెట్టడానికి వడ్రంగి చేసిచ్చిన ఈజిల్ అటకకి తగిలితే దాని తల కోయించాడు. అవిసె నూనె, టర్పెంటైన్ సీసాలు పాత మందుల అరలో వరసగా నిలబెట్టాడు. గుమ్మం బయట నిలబడి చూసుకుంటే కళ్ళు చెమర్చాయి. కొంత సంతోషం, కొంత టర్పెంటైన్.

వెలుతురే కుదరలేదు. ఆ గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ లోపలి సందులోకి తెరుచుకుంటుంది. సందులో ప్రతి అంతస్తు వాళ్ళూ బట్టలు ఆరేసుకుంటారు. పైనున్న దుప్పటి ఏ రంగైతే గదికి ఆ రంగు వచ్చేది. ఎర్ర దుప్పటి ఆరేసిన రోజున అతను వేసిన పాలగిన్నె ప్రమాదంలా కనిపించింది. ఆకుపచ్చ దుప్పటి రోజున భార్యని కూర్చోబెట్టి వేస్తే, ఆవిడ చూసి, "నాకు కామెర్లా అండీ?" అంది.

తలపట్టుకుని కూర్చున్న వాడిని టీ తాగుతావా అని అడగడానికి పిన్ని గుమ్మంలోకి వచ్చింది. గది గదంతా ఒక్కసారి తేటపడింది. తెలుపు తెలుపైంది, నీలం నీలమైంది. రంగులు కలుపుకునే పలక మీద అవన్నీ కడిగినట్టు విడివిడిగా లేచి నిలబడ్డాయి.

"అక్కడే ఉండు పిన్నీ. కదలకు."

"టీ?"

"టీ తర్వాత."

ఆ రోజే ఒక స్టూలు తెచ్చి, ఈజిల్‌కి ఎడంపక్క కొంచెం వెనగ్గా వేశాడు. వెలుతురు సరిగ్గా కాన్వాసు మీద పడేలా అటు జరిపి, ఇటు జరిపి, కుదిరాక స్టూలు కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాడు.

"ఒరేయ్, నేనిక్కడ కూర్చుంటే వాళ్ళ సూదుల్లో దారం ఎవరెక్కిస్తార్రా?"

"ఒక్క బొమ్మే పిన్నీ. ఈ ఒక్కటీ అవనీ."

పిన్ని కూర్చుంది. అతను అడిగినదేదీ ఆవిడ కాదన్న గుర్తు అతనికి లేదు. అతని చిన్నతనంలో తల్లి పోయినప్పుడు, నాలుగు రోజులు సాయం ఉండి వెళదామని ఒక బట్టల సంచీతో వచ్చిన మనిషి. ఆ నాలుగు రోజులూ ఇంకా అవలేదు. అతనికి యాభై దగ్గరపడింది, ఆవిడకి అరవై దాటింది.

బొమ్మ ఏమిటంటే, అపార్టుమెంటు మెట్లు. మెట్ల మీద ఆ ఇళ్ళవాళ్ళందరూ కూర్చుని ఉంటారు. గోడంత కాన్వాసు. ఒక్కొక్కళ్ళనీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి ఎడమవైపు నుంచి వేసుకుంటూ వచ్చాడు. మొదట భార్య. తర్వాత గడియారంగారు. ఆఫీసు నుంచి రాగానే మొదలుపెట్టి, భోజనానికి భార్య మూడోసారి పిలిచేదాకా వేసేవాడు. సెలవు రోజున పొద్దున్నుంచీ అదే పని. పిన్ని స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కాన్వాసు వెనకవైపు చెక్కకేసి చూస్తూ కూర్చునేది. ఆవిడ కూర్చున్న చోటు నుంచి బొమ్మ కనిపించదు.

తలుపు ఇంకా మోగేది. "పిన్నిగారు పనిలో ఉన్నారు" అని భార్య చెప్పి పంపేది. కొన్నాళ్ళకి మోగడం తగ్గింది. సెక్రెటరీ మెట్ల మీద బల్బు మార్పించాడు, తప్పలేదు పాపం. ఎదురింట్లో గడియారంగారు మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. ఆడవాళ్ళ వాచీలు తీసుకోవడం మానేశాడంతే.

సగం బొమ్మ అయ్యేసరికి కుంచెగారికి తెల్ల రంగుతో పేచీ వచ్చింది. మూత తీసి పలక మీద పెడితే వెన్నలా కనిపిస్తోంది. చొక్కాలకి వేస్తే ఉతకని చొక్కాల్లా ఉన్నాయి. కొట్టు మార్చాడు, కంపెనీ మార్చాడు. చివరికి ఆ పసుపుని చంపడానికి కొంచెం నీలం కలిపాడు. కుదిరింది. తర్వాతి మనిషికి ఇంకొంచెం కలపాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకొంచెం. ఈ కిటుకు తనే కనిపెట్టినందుకు లోలోపల మురిసిపోయాడు.

"పిన్నిగారు ఈమధ్య సరిగా తినట్లేదండీ" అంది భార్య.

"తెలుపు కూడా సరిగా రావట్లేదోయ్" అన్నాడతను.

భార్య అతని వంక ఒక చూపు చూసింది. ఆ చూపుని కూడా బొమ్మలో పెట్టి ఉండాల్సిందని అతనికి తట్టింది. అప్పటికే ఆవిడ నవ్వు మొహం వేసేశాడు.

బొమ్మ పూర్తయిన ఆదివారం, మర్నాడు చిత్రశాల బండి వస్తుందనగా, కూర్చున్నవాళ్ళందరికీ చూపించాలని ముచ్చటపడ్డాడు. కాన్వాసుకి గుడ్డ కప్పి, భార్య ఒక పక్క, తనొక పక్క పట్టుకుని, మెట్ల మలుపుల్లో ఏటవాలుగా తిప్పుతూ, కిందకి దించి ముందువాకిట్లో ఆరుబయట గోడకి ఆనించారు. అందరూ దిగి వచ్చారు. మొహాలు కడుక్కుని, తల దువ్వుకుని మరీ వచ్చారు, తమని చూసుకోవడానికి. పిన్ని ఆఖరున వచ్చి మెట్ల కింద నీడలో నిలబడింది. కుంచెగారు గొంతు సవరించుకుని గుడ్డ లాగాడు.

అందరూ ఎవరి మొహం వాళ్ళు వెతుక్కున్నారు.

ఎడమ చివర భార్య పలకరిస్తే పలికేలా ఉంది. పక్కన గడియారంగారు కంటికి అద్దం పెట్టుకుని, చేతిలో వాచీ వినపడేంత నిజంగా ఉన్నాడు. అక్కణ్ణుంచి మొదలైంది. మూడో మనిషి బుగ్గలు బూడిదరంగు. నాలుగో మనిషి పెదాలు నీలం. పై వాటా పెద్దాయన మొహం మంచుగడ్డ. కుడి చివర సెక్రెటరీ అయితే చొక్కాతో సహా సిరాలో ముంచి తీసినట్టున్నాడు.

"నన్నెవరైనా నీళ్ళలోంచి బయటికి లాగారా?" అన్నాడు సెక్రెటరీ.

"మీరు నయం," అన్నాడు పెద్దాయన. "నేను పోయినట్టున్నాను. ఇంట్లోవాళ్ళు నాతో ఒక్క ముక్క అనలేదు."

కుంచెగారు తలెత్తి చూశాడు. పైన ఆకాశంలో ఏ దుప్పటీ లేదు. మామూలు పొద్దుటి వెలుతురు. రంగులన్నీ తను పిన్ని పక్కన కలిపినవి. ఏదో తట్టి, "పిన్నీ, ఇలా దగ్గరికి రా" అన్నాడు.

పిన్ని వచ్చి కాన్వాసు పక్కన నిలబడింది. ఆ ఎండలో కూడా ఆవిడ వెలుతురు వేరుగా కనిపించింది. ఎప్పటిలా పది గంటలది కాదు. పొద్దు వాలేవేళ గోడల మీద మిగిలే పసుపు. మంచం మేరా లేదు, చాచిన చేతులంత మేర. కానీ అది పడ్డ చోటల్లా నీలం కరిగిపోయింది. ఆవిడ కుడి చివరికి జరిగితే సెక్రెటరీ బుగ్గలకి నెత్తురొచ్చింది. పెద్దాయన బొమ్మకి ప్రాణం లేచి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

కుంచెగారు ఊపిరి పీల్చుకున్నాడు. గుమ్మం ఎదురుగోడ మళ్ళీ అతని కళ్ళముందుకి వచ్చింది.

"అయితే ఇబ్బందేమీ లేదు," అన్నాడు హుషారుగా. "చిత్రశాలలో బొమ్మ పక్కనే పిన్నికి ఒక కుర్చీ వేయిద్దాం. మెత్తటి కుర్చీ. ప్రదర్శన ఉన్నన్నాళ్ళూ కూర్చుంటే చాలు. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం నేనే తీసుకొస్తాను. ఏం పిన్నీ?"

"మంచి ఆలోచనే," అన్నాడు సెక్రెటరీ. తన ప్రాణం కూడా అందులో ఉంది మరి.

పిన్ని ఎప్పటిలాగే సరేననబోయింది. నోరు తెరిచింది కూడా. అంతలో గడియారంగారు, ఎవరి పనికీ అడ్డం రాని మనిషి, గుంపులోంచి ఒక అడుగు ముందుకేశాడు. అడగాలా వద్దా అన్నట్టు చేతులు నలుపుకున్నాడు.

"మీకు ఈ వెలుతురు ఎప్పట్నుంచండీ?"

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదని అందరికీ ఒకేసారి తెలిసింది.

పిన్ని కాసేపు ఆలోచించింది. గుర్తుచేసుకోవడానికి కాదు. అడిగినందుకు సర్దుకోవడానికి.

"అక్క పోయిన రోజు మధ్యాహ్నం నుంచి," అంది. "అందరూ వెళ్ళిపోయారు. వీడు పక్క గదిలోకి వెళ్ళనంటాడు. చీకటిగా ఉంది, భయం అంటాడు. పట్టపగలు. కిటికీలన్నీ తెరిచాను, అయినా చీకటిగానే ఉందంటాడు. ఏం చెయ్యను? ఎత్తుకుని కూర్చున్నాను. కూర్చోగా కూర్చోగా వచ్చింది."

కుంచెగారు అది విన్నాడు. రోజూ ఫిర్యాదులు వినే చెవులవి. ఇందులో ఫిర్యాదు ఎక్కడా లేదు. అదే అతనికి ఎక్కడో పట్టుకుంది. కళ్ళు కాన్వాసు మీదికి పోయాయి. పిన్ని అప్పటికి మళ్ళీ ఎడమ చివరికి వచ్చింది. కుడివైపంతా మళ్ళీ నీలంగా ఉంది. భార్య దగ్గర మొదలుపెట్టి సెక్రెటరీ దాకా, మనిషి తర్వాత మనిషిని చూసుకుంటూ వచ్చాడు. ఇక్కడ పిన్ని బాగుంది. ఇక్కడ అలిసింది. ఇక్కడ తలుపు మోగడం ఆగింది. ఇక్కడ భార్య, పిన్నిగారు తినట్లేదండీ అంది. ఇక్కడ తను నీలం ఇంకొంచెం కలిపాడు. తెలిసీ తెలియకా ఎంత పెద్ద బొమ్మ వేశాడో, అది ఏమిటో, వేసినవాడికే అప్పుడు కనిపించింది.

"ఏరా," అంది పిన్ని, అతని వైపు తిరిగి. "ఇంకా భయమేస్తుందా నీకు?"

వెటకారం లేదు. నిజంగానే అడిగింది. వేస్తోందంటే ఆ కుర్చీలో కూర్చునేదే.

అతనికి వేసింది. బండి వస్తుంది, గోడ ఖాళీగా ఉంటుంది, వచ్చే ఏడు అంతకంటే చిన్న గోడ కూడా దొరకదు, ఇంట్లో ఆ గది సందులోని దుప్పట్ల పాలవుతుంది. చుట్టూ ఇంతమంది ఉన్నారనీ, వాళ్ళలో సగం మంది బొమ్మలో నీలంగా ఉన్నారనీ తెలుస్తూనే ఉంది.

"లేదు పిన్నీ," అన్నాడు. "ఇప్పుడేం లేదు."

"సరే అయితే," అంది ఆవిడ. ఎంతో తేలిగ్గా అంది, పొయ్యి మీద గిన్నె దించినట్టు. గడియారంగారి వైపు చూసి, "ఎన్ని పేరుకుపోయాయండీ, ఆగిన వాచీలు?"

"అన్నీ ఆడవాళ్ళవే," అన్నాడాయన తప్పుచేసినట్టు. "మీకు ఓపికుంటేనే. అలిసిపోతే వద్దు. ఊరికే కూర్చున్నా చాలు. కూర్చోకపోయినా..." ఆ మాట ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది.

"పదండి చూద్దాం."

ఇద్దరూ మెట్లవైపు నడిచారు. ఆవిడ దాటిపోతున్నకొద్దీ బొమ్మలో మనుషులు ఒక్కొక్కరే తేటపడి మళ్ళీ నీలంగా మారారు. పెద్దాయన తన బొమ్మని కాసేపు చూసుకుని, "పోన్లే, అంతా బతికే ఉన్నాంగా" అని తన వాటాకి వెళ్ళిపోయాడు.

మర్నాడు వచ్చిన బండిని కుంచెగారు ఖాళీగా పంపించేశాడు. చిత్రశాల పెద్దకి ఫోన్ చేసి, బొమ్మ ఎండలో నిలవదని చెప్పాడు. అబద్ధమేమీ కాదు. ఆయన, నీళ్ళు ఇంకా రావట్లేదన్నాడు.

పిన్ని మొదట సాయంత్రాలు ఎదురింటికి వెళ్ళింది, తర్వాత మధ్యాహ్నాలూ వెళ్ళింది. ఆకులు రాలే రోజుల్లో ఆవిడా గడియారంగారూ పెళ్ళి చేసుకోవడానికి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళారు. సెక్రెటరీ ఒక సాక్షి, కుంచెగారి భార్య ఇంకో సాక్షి. మధ్యలో కరెంటు పోయింది, ఆ గదిలో సంతకాలు మాత్రం ఆగలేదు. పక్క బల్లల వాళ్ళు కూడా తమ కాగితాలు తెచ్చుకుని ఆవిడ చుట్టూ నిలబడి పని కానిచ్చుకున్నారట. గడియారంగారు వాళ్ళందరినీ, "చాలండీ, ఆవిడ మీ కరెంటు కాదు" అని కసిరి, ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఆయన కసరడం ఎవరూ అంతకుముందు వినలేదు. ఆ వెలుతురు మళ్ళీ పది గంటలదైపోయిందని, మంచం మేర కాదు, వీధి మలుపు దాకా వస్తోందని భార్య ఇంటికొచ్చి చెప్పింది.

వెనక గదికి పిన్ని మంచం తిరిగి రాలేదు. ఈజిల్ అక్కడే ఉంది. ఒక సెలవు రోజు కుంచెగారు దాని ముందు చిన్న కాన్వాసు పెట్టుకున్నాడు. సందులో ఆరోజు ఎవరూ ఏమీ ఆరేయలేదు, గదిలో ఉన్నదల్లా బూడిదరంగు మసక. పిన్ని బొమ్మ వేద్దామని బొగ్గుముక్క తీశాడు. నుదురు గీశాడు. చెరిపాడు. ముక్కు గీశాడు, అది అమ్మ ఫొటోలో ముక్కులా వచ్చింది. చెరిపాడు. కళ్ళు పెద్దవా? కనుబొమ్మలు కలుస్తాయా? ఆవిడ పక్కన ఎన్ని మొహాలు చూశాడు, ఒక్కొక్కటీ కళ్ళు మూసుకుని గీయగలడు. ఆవిడది రాలేదు. బొగ్గు నలిగి వేళ్ళన్నీ నల్లగా అయ్యాయి.

లేచి వెళ్ళి ఎదురింటి తలుపు తట్టాడు. తీసే ఉంది. గడియారంగారు బల్ల మీద వంగి ఉన్నాడు. పిన్ని కిటికీ దగ్గర కూర్చుని, ఎవరి సూదీ కాదు, తన శాలువాకే అంచు కుట్టుకుంటోంది.

"ఏంరా, రంగు కలపాలా? ఇవాళ నాకు తీరిక లేదు."

"ఏమీ వద్దు పిన్నీ," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "నిన్ను చూద్దామని వచ్చాను."

పిన్ని కుట్టుపని ఆపింది. ఈ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది. జారిన జుట్టు చెవి వెనక్కి దోపుకుంది. గడియారంగారు కంటికున్న అద్దం తీసి, చప్పుడు కాకుండా తన కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాడు, మధ్యలో అడ్డం లేకుండా.

"చూడు మరి," అంది పిన్ని, మొహం అతని వైపు తిప్పి.

కనుబొమ్మలు కలవవు.